రక్తం మనది, ప్రశ్న ఎవరిది? ఆరోగ్య పరిశోధనలో విదేశీ భాగస్వామ్యం లెక్కలు

మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. బెజవాడ, గుంటూరు, తెనాలి వైపు పాతతరం వాళ్లకి "శానిటోరియంలో వేశారు" అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇల్లూ పొలం వదిలేసి నెలల తరబడి మంచం మీద ఉండటం, మంచి గాలి, మంచి తిండి. అదే వైద్యంలో సగం అనుకునేవారు.

దేశమంతా ఆ మంచాలు ఖాళీ కావడానికి ఒక ముఖ్య కారణం 1956లో మద్రాసులో మొదలైన ఒక పరిశోధన. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి చేశాయి. బ్రిటన్ నుంచి వచ్చిన వాలెస్ ఫాక్స్ దాన్ని నడిపించారు. 193 మంది పేద రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో, ఇంకో జట్టు తమ ఇరుకు ఇళ్లలోనే. ఇద్దరికీ మందులు ఒకటే. 1959లో ఫలితాలు వచ్చేసరికి ఇంట్లో ఉన్నవాళ్లు శానిటోరియం వాళ్లతో దాదాపు సమానంగా కోలుకున్నారు. వాళ్ల ఇంట్లోవాళ్లకి జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. పేదదేశాల్లోనే కాదు, ధనికదేశాల్లో కూడా టీబీ వైద్యం దారి మార్చిన అధ్యయనం ఇది.

అరవై తొమ్మిదేళ్ల తర్వాత, 2025 మే 1న, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఒక ప్రకటన చేసింది. తాను నిధులిచ్చే అమెరికా విశ్వవిద్యాలయాలు అందులో కొంత భాగాన్ని విదేశీ సంస్థలకు పంచే పద్ధతిని, కొత్త ఏర్పాటు వచ్చేదాకా ఆపేస్తున్నామంది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. అప్పట్నుంచీ మెడికల్ కాలేజీల్లోనూ ఆరోగ్య రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లోనూ ఒకటే గందరగోళం. ఏ డబ్బు ఆగింది, ఏది ఆగలేదు? అసలు మన రోగుల మీద పరిశోధనకి బయటి డబ్బు ఎందుకు? వాళ్లకేం లాభం, మనకేం మిగులుతుంది?

సాయం వేరు, పరిశోధన వేరు

విదేశీ సంస్థ వచ్చి ఊళ్లో దోమతెరలు పంచితే అది సాయం. దోమతెరలు ఇచ్చిన 40 ఊళ్లలోనూ ఇవ్వని 40 ఊళ్లలోనూ మలేరియా ఎంత తేడాగా ఉందో లెక్కకడితే అది పరిశోధన. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వ్యాన్లూ టీషర్టులూ కూడా ఒకటే. చట్టం మాత్రం రెండింటినీ వేరుగా చూస్తుంది. రెండోదానికి ముందుగా రాసుకున్న పథకం కావాలి, దాన్నే ప్రోటోకాల్ అంటారు. నైతిక కమిటీ అనుమతీ, పాల్గొనే ప్రతి మనిషి సమ్మతీ కావాలి.

ఇందులో తరచూ వినపడే పాత్రలు మూడు. ఖర్చూ బాధ్యతా భరించేది స్పాన్సర్. శాస్త్రీయంగా జవాబుదారీ ప్రధాన పరిశోధకుడు, వాడుకలో పీఐ. రోగుల్ని చేర్చుకుని చూసే ఆసుపత్రి సైట్. ఒక ఆసుపత్రి సైట్‌గా ఉన్నంత మాత్రాన అక్కడి డాక్టరు పరిశోధనలో భాగస్వామి అయిపోడు. ప్రోటోకాల్ బోస్టన్‌లోనో లండన్‌లోనో అచ్చయి వచ్చాక "మీ దగ్గర నెలకి ఎంతమంది పేషెంట్లొస్తారు?" అని మాత్రమే అడిగితే, ఆయన ఆ పనిలో సరఫరాదారు. విదేశీ బృందం దిగి, నమూనాలు తీసుకుని, వ్యాసం రాసుకుని వెళ్లిపోయే పద్ధతికి ఈ రంగంలో "హెలికాప్టర్ పరిశోధన" అని పేరు. ఇల్లు ఊడ్చి అతిథిని కూచోబెట్టేది మనం, దిగి మళ్లీ ఎగిరిపోయేది హెలికాప్టర్.

సహకారం ఎందుకన్న ప్రశ్నకి 1990లో ఆరోగ్య పరిశోధనపై ఏర్పడ్డ అంతర్జాతీయ కమిషన్ ఒక లెక్క చూపింది. దాన్నిబట్టే "10/90 అంతరం" అన్న మాట పుట్టింది: ప్రపంచంలో అకాల మరణాల భారం 90 శాతానికి పైగా ఉన్న దేశాల సమస్యల మీద ఖర్చవుతున్నది ప్రపంచ ఆరోగ్య పరిశోధన సొమ్ములో 10 శాతం లోపే. ఆ అంకెలు పాతబడ్డాయి, మధుమేహం లాంటి జబ్బులు అందరివీ అయ్యాయి. అయినా పాముకాటు, కాలాజార్ జ్వరం, బోదకాలు మీద పనిచేస్తే లాభం రాదు కాబట్టి కంపెనీలు ఇప్పటికీ వాటి జోలికి పెద్దగా పోవు. మన సొంత ఖర్చు చూద్దామంటే, అన్ని శాస్త్రాల పరిశోధనకీ కలిపి భారత్ పెడుతున్నది జీడీపీలో 0.64 శాతం.

కాలవ చివరి పొలానికి నీళ్లెన్ని?

కృష్ణా డెల్టా వాళ్లకి ఈ విషయం కాలవ భాషలో చెబితే తొందరగా ఎక్కుతుంది. బ్యారేజీ దగ్గర ఎంత వదిలారన్నది ఒక లెక్క, శివారు భూములకి ఎంత చేరిందన్నది ఇంకో లెక్క.

ఒక ఊహా ఉదాహరణ. అమెరికా విశ్వవిద్యాలయం ఒకటి, గుంటూరు జిల్లాలోని ఒక ఆసుపత్రి కలిసి ఐదేళ్ల అధ్యయనానికి 10 లక్షల డాలర్లు తెచ్చుకున్నాయి. ఒప్పందం ప్రకారం 7 లక్షలు అక్కడ, 3 లక్షలు ఇక్కడ. రోగులందరూ ఇక్కడివాళ్లే. ఇప్పుడు "పరోక్ష ఖర్చులు" అనే పద్దు వస్తుంది. కరెంటు, భవనం, అకౌంట్స్ విభాగం, ఇంటర్నెట్ లాంటి, ఏ ఒక్క ప్రాజెక్టుకీ చెందని ఖర్చులివి. అమెరికా విశ్వవిద్యాలయాలు ప్రభుత్వంతో బేరమాడి 50, 55, కొన్ని 60 శాతం దాకా తెచ్చుకున్నాయి. విదేశీ సంస్థలకు ఎన్‌ఐహెచ్ చాలాకాలంగా ఇస్తున్నది 8 శాతం. ఈ శాతాన్ని మొత్తం గ్రాంటు మీద కాదు, అసలు పనికయ్యే ఖర్చు మీద లెక్కకడతారు. 55 శాతం చొప్పున చూస్తే అక్కడి 7 లక్షల్లో అసలు పనికి సుమారు 4,51,600 డాలర్లు, పరోక్ష ఖర్చులకి 2,48,400. ఇక్కడి 3 లక్షల్లో పనికి 2,77,800, పరోక్ష ఖర్చులకి 22,200. అసలు లెక్కలో పెద్ద యంత్రాల వంటి కొన్ని పద్దుల్ని మినహాయిస్తారు కాబట్టి అంకెలు కొంచెం మారతాయి, నిష్పత్తి మాత్రం ఇంతే.

ఐదేళ్లకి 22 వేల డాలర్లు. నైతిక కమిటీ కార్యదర్శి జీతం, డీజిల్ జనరేటర్, ఆడిటర్ ఫీజు, డేటా సర్వర్ అన్నీ అందులోంచే. "మీ సంస్థల్లో అకౌంట్లు సరిగా ఉండవు" అని దాతలు అనడం, అకౌంట్స్ మనిషిని పెట్టుకునే సొమ్ము వాళ్లే ఇవ్వకపోవడం పక్కపక్కనే నడుస్తున్నాయి. దాతల వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. అమెరికా పన్నులు కట్టేవాళ్ల డబ్బు మూడో చేతికి, నాలుగో చేతికి వెళ్లాక ఎక్కడ ఖర్చయిందో తమ పుస్తకాల్లో కనపడటం లేదన్నదే 2025 మేలో ఎన్‌ఐహెచ్ చెప్పిన కారణం. అందుకని విదేశీ భాగస్వామికి, ప్రధాన గ్రాంటుకి ముడిపడిన సొంత గ్రాంటు నేరుగా ఇచ్చే పద్ధతికి మారుతోంది. వినడానికి మనకే మేలులా ఉంది. ఆచరణలో, ఇంతకాలం అమెరికా విశ్వవిద్యాలయం మోసిన కాగితాల బరువు ఇక్కడి సంస్థ మీద పడుతుంది: గ్రాంటులు తీసుకునే సంస్థల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే శామ్ జాబితాలో నమోదు, ప్రత్యేక గుర్తింపు సంఖ్య, ఎన్‌ఐహెచ్ ఆన్‌లైన్ ఖాతా, ఏటా వాటి రెన్యువల్. సొసైటీ రిజిస్ట్రేషన్‌లో ఒక స్పెల్లింగు, బ్యాంకు ఖాతాలో ఇంకో స్పెల్లింగు ఉంటే అక్కడే ఆగిపోతుంది. పెద్ద సంస్థలు నెగ్గుకొస్తాయి. జిల్లా స్థాయి సంస్థకి కష్టం.

మనవైపు తూము కూడా బిగిసే ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలో పడాలి. పాలనా ఖర్చులు 50 శాతం దాకా ఉండొచ్చన్నది 20కి తగ్గింది. అన్నిటికన్నా పెద్ద మార్పు, ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయడం నిషిద్ధం. అంతకుముందు ఢిల్లీలో ఒక పెద్ద సంస్థ గ్రాంటు తెచ్చి విజయవాడలోని చిన్న సంస్థకి కొంత పంపేది, ఆ చిన్న సంస్థ ఊళ్లలో సర్వే చేసేది. ఆ దారి మూసుకుపోయింది. ప్రభుత్వం చెప్పే కారణం జవాబుదారీతనం, మతమార్పిడులకీ రాజకీయాలకీ డబ్బు మళ్లకుండా చూడటం. ఊళ్లలో నమ్మకం సంపాదించుకున్న చిన్న సంస్థలే దెబ్బతిన్నాయని విమర్శకులు అంటారు. చట్టసభ చట్టంతో ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరైన సంస్థలకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. ట్రస్టు ఆసుపత్రికి లేదు.

ఇంకో నమూనా కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్‌లో బ్రిటన్‌కి చెందిన వెల్‌కమ్ ట్రస్టు, మన బయోటెక్నాలజీ విభాగం డబ్బు కలిపి ఇక్కడి శాస్త్రవేత్తలకి ఫెలోషిప్పులిస్తాయి. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మూడో దశకి 1,500 కోట్ల రూపాయలు, అందులో వెయ్యి కోట్లు మనవి, 500 కోట్లు వాళ్లవి. ఎంపిక ఇక్కడే, ప్రశ్న దరఖాస్తుదారుడిదే. పేచీ ఎక్కడంటే, అలా గెలిచేవాళ్లలో పెద్ద నగరాల ల్యాబుల వాళ్లే ఎక్కువన్న మాట మొదట్నుంచీ ఉంది.

అనుమతుల మెట్లు, జారే చోట్లు

విదేశీ భాగస్వామి ఉన్న ఆరోగ్య పరిశోధనకి మన దేశంలో రెండు తలుపులు. మొదటిది ఆసుపత్రి నైతిక కమిటీ. ఔషధ ట్రయళ్ల 2019 నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురుండాలి. సగం మంది ఆ సంస్థకి బయటివాళ్లు కావాలి. ఒక న్యాయం తెలిసిన మనిషి, ఒక మహిళ, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి. కమిటీని రిజిస్టర్ చేయించడంలోనే చాలామంది తికమక పడతారు. కొత్త మందుల ట్రయళ్లకైతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర, మిగతా ఆరోగ్య పరిశోధనకి ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర. రెండూ చేసేవాళ్లు రెండు చోట్లా నమోదు కావాలి.

రెండో తలుపు ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ, అందరూ పిలిచే పేరు హెచ్‌ఎంఎస్‌సీ. వైద్య పరిశోధన మండలే దీని పనులు చూస్తుంది. విదేశీ నిధులు గానీ, విదేశీ పరిశోధకులు గానీ, నమూనాలు బయటికెళ్లడం గానీ ఉంటే ఇక్కడికి రావాలి. దరఖాస్తు భారతీయ పీఐ పెట్టాలి. ప్రోటోకాల్, నైతిక కమిటీ అనుమతి, ఒప్పందం ముసాయిదా, పద్దులవారీ బడ్జెట్, నమూనాలు పంపేట్టయితే ఆ పరీక్ష ఇక్కడెందుకు చేయలేరో వివరణ, అన్నీ జతచేయాలి. మందు ట్రయల్ అయితే ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి అదనం. 2009 జూన్ 15 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్‌ని సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ఎక్కించడం తప్పనిసరి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. బెజవాడలో ఏ ట్రయల్ నడుస్తోందో రోగి బంధువులే వెతుక్కోవచ్చు.

ఆలస్యాలకి కారణం చాలాసార్లు దుష్టబుద్ధి కాదు, వెర్షన్ నంబర్లు. ఇక్కడి కమిటీ ప్రోటోకాల్ 1.2ని ఆమోదిస్తుంది. అది చూసి అక్కడి విశ్వవిద్యాలయ కమిటీ రెండు వాక్యాలు మారుస్తుంది, 1.3 అవుతుంది. అది మళ్లీ ఇక్కడికి రావాలి, కమిటీ మూడు నెలలకోసారి కూచుంటుంది. ఈలోగా హెచ్‌ఎంఎస్‌సీ దగ్గరున్నది 1.2. బడ్జెట్‌లో నర్సులు నలుగురు, ఒప్పందంలో ముగ్గురు అన్నా ఫైలు వెనక్కొస్తుంది. ఐదేళ్ల గ్రాంటులో మొదటి ఏడాది ఇలాగే పోతుంది. దాత దగ్గర గడియారం మాత్రం ఆగదు.

సంతకం ఉంది, సమ్మతి ఉందా?

ఈ కట్టుబాట్లన్నీ ఎందుకు బిగిశాయో తెలియాలంటే ఖమ్మం గుర్తుకు రావాలి. 2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అమెరికాకి చెందిన పాత్ అనే సంస్థ గేట్స్ ఫౌండేషన్ నిధులతో, వైద్య పరిశోధన మండలీ రాష్ట్ర ప్రభుత్వమూ తోడుగా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ టీకాని భద్రాచలం సహా మూడు మండలాల్లో సుమారు 14 వేల మంది అమ్మాయిలకి వేయించింది. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో 10 వేల మందికి. ఏడుగురు అమ్మాయిలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు తాగడం వంటి కారణాలు బయటపడ్డాయి. కానీ సమ్మతి పత్రాలు తిరగేస్తే విషయం వేరుగా కనిపించింది. 2013 పార్లమెంటరీ కమిటీ నివేదిక ప్రకారం ఆంధ్రలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. అది పరిశోధన కాదు, టీకా ఎలా పంపిణీ చేయాలో చూసే ప్రదర్శన ప్రాజెక్టు అని నిర్వాహకులు వాదించారు. కమిటీ ఒప్పుకోలేదు.

ఆ తుపాను తగిలిన ఇంకో చెట్టు గురించి తక్కువమందికి తెలుసు. అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం సహకారంతో, రెండు డోసులా మూడా అని తేల్చే వేరే ట్రయల్ మన దేశంలో నడుస్తోంది. దాన్నీ 2010లో ఆపేయమన్నారు. అప్పటికి ఒక్క డోసే పడిన అమ్మాయిలు దాదాపు 5 వేల మంది మిగిలిపోయారు. వాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తే ఒక్క డోసు కూడా దాదాపు అంతే కాపాడుతోందని కనిపించింది. 2022లో ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలకి వెసులుబాటు ఇచ్చినప్పుడు లెక్కలోకి తీసుకున్న ఆధారాల్లో ఇదొకటి. ఒక ప్రాజెక్టులో సమ్మతి దగ్గర జరిగిన నిర్లక్ష్యం ఇంకో సక్రమమైన పరిశోధనని కూల్చింది. ఆ కూలిన దాంట్లోంచే కొత్త సంగతి తేలింది, ఎవరూ అనుకుని చేసింది కాదు.

సమ్మతి సగం భాషలోనే తప్పిపోతుంది. పత్రం ఇంగ్లిష్‌లో పుడుతుంది, అనువాద సంస్థ తెలుగు చేస్తుంది, ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్ చేసి సరిపోల్చుతారు. ఈ పరీక్షలో "యాదృచ్ఛికీకరణ" అన్న మాట నూటికి నూరు మార్కులతో పాసవుతుంది. పొన్నూరు నుంచి వచ్చిన కూలీ మనిషికి అది అర్థం కాదు. "మీకు ఏ మందు వస్తుందో డాక్టరు చేతిలో లేదు, చీటీ తీసినట్టు కంప్యూటర్ చెబుతుంది" అంటే అర్థమవుతుంది. "ఏ సమయంలోనైనా ఉపసంహరించుకోవచ్చు" కన్నా "మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినా ఇక్కడ మీ వైద్యం మీకు జరుగుతుంది" నయం. ప్లాసిబోకి "ఉత్త బిళ్ల, అందులో మందుండదు" అని రాస్తే తిరుగు అనువాదంలో మాట మారిందని అభ్యంతరం వస్తుంది. ఆ అభ్యంతరాన్ని ఎదిరించి తెలుగు మాటని నిలబెట్టే మనిషి బృందంలో ఉన్నాడా లేదా అన్నదాన్ని బట్టే ఆ భాగస్వామ్యం ఏ పాటిదో చెప్పేయొచ్చు.

ప్రశ్నావళి సంగతీ అంతే. ఛాతీనొప్పి వచ్చిందా అంటే లేదంటారు, "గ్యాస్ పట్టేసింది" అంటారు. పిల్లకి న్యుమోనియా వచ్చిందా అంటే లేదు, "నెమ్ము చేసింది". ఈ మాటలు పట్టుకోకపోతే గుండెపోటు మరణం అజీర్తి కింద జమవుతుంది.

సీసా సరిహద్దు దాటేటప్పుడు

ఐదు మిల్లీలీటర్ల రక్తం తీశారు. అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో పది పదిహేను నిమిషాలు తిప్పి, పైన తేరిన సీరంని అర మిల్లీలీటరు చొప్పున నాలుగు సన్న గొట్టాల్లో పోసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెడతారు. నాలుగు ఎందుకంటే, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టిస్తే కొన్ని పరీక్షలకి పనికిరాదు. ఇక్కడే బెజవాడ ఎండ అడ్డొస్తుంది. ఈ ఫ్రీజర్లు చాలావరకు గది వేడి 32 డిగ్రీలు దాటకూడదన్న లెక్కతో తయారవుతాయి. మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే కంప్రెసర్ ఊపిరాడక కొట్టుకుంటూనే ఉండి చివరికి కాలిపోతుంది. బడ్జెట్‌లో ఫ్రీజర్ ఉంటుంది. రెండు ఏసీలు, జనరేటరు, అలారం మోగితే రాత్రి రెండింటికి వచ్చే మనిషి ఉండరు.

బయటికి పంపాలంటే మూడు పొరల ప్యాకింగ్: గొట్టం, దాని చుట్టూ ద్రవాన్ని పీల్చుకునే గుడ్డతో కారని డబ్బా, బయట గట్టి పెట్టె. పైన రోగ నమూనా అని తెలిపే యూఎన్ 3373 అన్న ముద్ర, చల్లదనానికి డ్రైఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ఉంటే యూఎన్ 1845 అన్నదీ, లోపల ఎన్ని కిలోలో అంకె. పెట్టెని గాలిపోకుండా బిగించకూడదు, డ్రైఐస్ వాయువై ఉబ్బి పేలుతుంది. మామూలు థర్మాకోల్ పెట్టెలో రోజుకి 5 కిలోల దాకా ఆవిరైపోతుంది అనుకుంటే, మూడు రోజుల ప్రయాణానికి 15 చాలవు, కస్టమ్స్‌లో ఒక రోజు ఆగొచ్చని 20 పైనే వేయాలి. అందుకే సోమవారం పంపుతారు. గురువారం పంపితే శని, ఆదివారాలు ఏ గోదాంలోనో గడిచి, అక్కడ తెరిచేసరికి నమూనా కరిగిపోయి ఉంటుంది.

నమూనాతోపాటు వెళ్లే కాగితాన్ని మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం అంటారు. పొలం కౌలుకిచ్చినట్టే: దేనికి వాడొచ్చు, ఎన్నాళ్లు, మిగిలింది తిరిగివ్వాలా నాశనం చేయాలా, మూడోవాడికి ఇవ్వొచ్చా, దాంతో ఏదైనా కనిపెడితే వాటా ఎంత. "భవిష్యత్ పరిశోధనకి" అన్న రెండు మాటలు దొర్లితే కౌలు కాస్తా క్రయమైపోతుంది.

ఈ గొడవ దేశాల స్థాయిలో బద్దలైంది 2007లో. తన బర్డ్‌ఫ్లూ వైరస్ నమూనాలు ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థకి పంపనని ఇండొనేషియా మొండికేసింది. తామిచ్చిన వైరస్‌తో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకా చేస్తోందని, అది కొనే స్తోమత తమకే లేదని వాళ్ల బాధ. మహమ్మారి ముంచుకొస్తుంటే నమూనా దాచుకోవడం ప్రపంచానికే ముప్పన్నది అవతలి వాదన. రెండింట్లోనూ నిజం ఉంది. నాలుగేళ్ల బేరం తర్వాత 2011లో ఫ్లూ వైరస్‌లకి మాత్రం ఒక ఒడంబడిక కుదిరింది: నమూనాలు పంచుకోవాలి, వాటితో లాభపడే కంపెనీలు టీకాలో డబ్బో ఇవ్వాలి. కోవిడ్ తర్వాత మిగతా సూక్ష్మక్రిములకీ ఇదే తరహా పద్ధతి కావాలని 2025 మేలో మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించారు. కంపెనీలు మహమ్మారి వేళ తయారుచేసే టీకాలు, మందుల్లో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకి అందేలా, అందులో కనీసం సగం ఉచితంగా ఇచ్చేలా అందులో రాశారు. అది ఎలా అమలవుతుందో చెప్పే అనుబంధాన్ని మాత్రం తర్వాతి చర్చలకి వదిలేశారు. వైరస్ జన్యు వరుస కంప్యూటర్ ఫైలుగా క్షణంలో వెళ్లిపోయే రోజుల్లో సీసాని ఆపి ప్రయోజనమేంటన్నది ఆ చర్చల్లో అసలు ముడి.

పోల్చడం దేనితో?

పరిశోధకుల్లోనే ఇప్పటికీ తెగని తగువు ఇది. 1998లో ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి, అమెరికా క్యాన్సర్ సంస్థ నిధులతో, లక్షన్నర మంది మహిళలతో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు పలచటి వెనిగర్ పూసి గర్భాశయ ముఖద్వారం చూసేవారు. మిగతా సగానికి ఆరోగ్య బోధన మాత్రమే. ఫలితం: పరీక్ష జరిగిన జట్టులో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తక్కువ.

గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి ల్యాబులో చూసే పాప్ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని దశాబ్దాలుగా తెలిసుండగా వేలమందిని ఏ పరీక్షా లేకుండా వదిలి, ఎవరు చనిపోతారో లెక్కపెట్టడం అమెరికాలో అయితే ఒప్పుకుంటారా అని విమర్శకులు అడిగారు. ఒప్పుకోరు. సమర్థకుల జవాబు: ఆ వాడల్లో అప్పటికి ఏ స్క్రీనింగూ లేదు, పాప్ పరీక్షకి కావాల్సిన ల్యాబులు, పాథాలజిస్టులు దేశమంతటా పెట్టే దారి కనుచూపు మేరలో లేదు. రూపాయల్లో అయ్యే పద్ధతి పనిచేస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న, దానికి పోలిక ఇక్కడి వాస్తవంతోనే ఉండాలి. మద్రాసు టీబీ అధ్యయనం కూడా ఈ తర్కంతోనే నడిచింది కదా అనొచ్చు. తేడా ఏమిటంటే, అక్కడ రెండు జట్లకీ మందు దక్కింది.

ప్రశ్న ఇక్కడ పుట్టినప్పుడు

1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల్లో, పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్‌లో ఒక రకం కనపడింది. ఒంట్లో వైరస్ ఉంది, విరేచనాలు లేవు. 116ఈ అని పేరుపెట్టిన ఆ రకమే తర్వాత రోటావ్యాక్ టీకా అయింది. 1987లో మొదలైన భారత్-అమెరికా టీకా కార్యక్రమం కింద ఎన్‌ఐహెచ్, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, స్టాన్‌ఫర్డ్ ల్యాబులు చేతులు కలిపాయి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసింది. డోసు ఒక డాలరుకే ఇస్తానని ముందే ఒప్పుకుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద పరీక్షిస్తే తీవ్రమైన రోటావైరస్ విరేచనాల్ని మొదటి ఏడాది సుమారు 56 శాతం తగ్గించింది. 2016లో ప్రభుత్వ టీకాల జాబితాలో చేరినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంతకుముందు చెప్పిన సాధనాలన్నీ, అంటే పాత్ సంస్థ, గేట్స్ డబ్బు, అమెరికా ల్యాబులు ఇందులోనూ ఉన్నాయి. మారింది, సీసా ఎవరి ఫ్రీజర్లో మొదలైందన్నదీ, ధర ఎప్పుడు రాసుకున్నారన్నదీ.

మనకి దగ్గర్లో ఇంకొకటి, గోదావరి జిల్లాల్లో ఆస్ట్రేలియాకి చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్, ఇక్కడి బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఆసుపత్రి కలిసి చేసిన పని. 2003-04లో 45 ఊళ్లలో జరిగిన ప్రతి మరణానికీ ఇంటికెళ్లి, లక్షణాలు అడిగి, కారణం తేల్చారు. దాన్ని మాటల పోస్టుమార్టం అనొచ్చు. అందరూ పల్లెల్లో అంటురోగాలే చంపుతాయనుకుంటుంటే, దాదాపు మూడోవంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవి. ఆ తర్వాతే పల్లె ఆరోగ్య కార్యకర్తల చేతికి బీపీ మిషన్ ఇచ్చే ప్రయోగాలు వచ్చాయి.

ఉద్దానం సంగతి ఇంకా నడుస్తోంది. శ్రీకాకుళం కొబ్బరితోటల ఊళ్లలో కారణం తెలియని కిడ్నీ జబ్బు. ఇలాంటిదే శ్రీలంక వరిపొలాల్లో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఉంది. మూడు చోట్లా ఎండలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లే. ఒక్క చోటే వెతికితే నీటిలో ఉన్నదా, పురుగుమందుల్లో ఉన్నదా, వేడిలో ఉన్నదా విడదీయలేం. ఒకే కొలతతో మూడు చోట్లా కొలిస్తేనే ఏ కారణం అంతటా ఉందో, ఏది ఒక్కచోటే ఉందో తేలుతుంది. విదేశీ భాగస్వామ్యం లేకుండా సాగని పరిశోధన అంటే ఇదీ. ఒక షరతు: కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షని మూడు దేశాల ల్యాబులూ ఒకే ప్రమాణానికి సరిచూసుకోవాలి. లేకపోతే పోల్చేది జబ్బుని కాదు, యంత్రాల్ని.

వ్యాసం మీద పేరు, ఊళ్లో రిపోర్టు

వైద్య పత్రికల అంతర్జాతీయ సంపాదకుల నియమం ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: పరిశోధన రూపకల్పనలో గానీ సమాచార సేకరణ, విశ్లేషణలో గానీ చెప్పుకోదగ్గ పాత్ర, రాతలో పాలు, తుది ప్రతికి ఆమోదం, తప్పొస్తే జవాబుదారీ. నియమం న్యాయంగానే ఉంది. ఇక్కడ రెండేళ్లు ఊళ్లు తిరిగి సమాచారం తెచ్చిన డాక్టరుకి డ్రాఫ్ట్ పంపకపోతే రెండూ మూడూ తీరవు, అప్పుడు నియమం ప్రకారమే ఆయన పేరు "కృతజ్ఞతలు" కింద పడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మొదటి పేరు ఎవరిది, చివరి పేరు ఎవరిది, ఏ వ్యాసం ఎవరు రాస్తారు అన్నది ఒప్పందంలోనే పట్టికలా రాయించుకుంటారు. అందరూ ఉచితంగా చదివే పత్రికల్లో అచ్చువేయడానికి మూడు నాలుగు వేల డాలర్ల ఫీజు మామూలే కాబట్టి ఆ పద్దు ఎవరి బడ్జెట్‌లో ఉందో కూడా.

2025 నుంచి "ఒకే దేశం ఒకే చందా" పథకం కింద ప్రభుత్వ కాలేజీలకి సుమారు 13 వేల పత్రికలు చదివే వీలొచ్చింది, మూడేళ్లకి 6 వేల కోట్ల రూపాయలు. చదవడానికి దారి దొరికింది, ప్రైవేటు కాలేజీలకి ఇంకా లేదు.

ఊరికి చేరాల్సింది వేరే కాగితం. వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఫలితాల్ని పాల్గొన్న సమాజానికి తెలియజేయాలంటాయి. దానికి అయ్యే ఖర్చు ఎంత? రెండు పేజీల తెలుగు కరపత్రం, పంచాయతీ దగ్గర ఒక సాయంత్రం సభ, ప్రతి మనిషికీ తన షుగర్, బీపీ, క్రియాటినిన్ అంకెలతో చీటీ. 40 ఊళ్లకి కలిపినా ఒక విదేశీ సదస్సుకి ఇద్దరు వెళ్లొచ్చే ఖర్చు దాటదు. గ్రాంటు దరఖాస్తులో "ఫలితాల వ్యాప్తి" అన్న పద్దు తెరిచి చూస్తే ఎక్కువసార్లు కనిపించేది ఆ సదస్సు టికెట్టే.